శనివారం మాట, మంగళవారం మాట: ఒక జంట కేస్ స్టడీ

ఈ కేసులో పేర్లు, సొంతూళ్లు, ఉద్యోగాల వివరాలు మార్చాను. రాయడానికి భార్యాభర్తలిద్దరూ విడివిడిగా అనుమతి ఇచ్చారు. రాసిన తర్వాత చదివి, రెండు చోట్ల దిద్దారు కూడా. నేను బెంగళూరులో క్లినికల్ సైకాలజిస్టుని. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే తెలుగు జంటలే నా దగ్గర ఎక్కువ. పడకగది సంగతులు ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టి, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగిపోతారు. అందుకే ఈ కేసును తెలుగులోనే రాస్తున్నాను.

వచ్చిన కారణం

కిరణ్ వయసు 37, ఒక చిప్ డిజైన్ కంపెనీలో పని. సుజాత వయసు 34, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిహేను మంది టీమ్‌కి లీడ్. ఆయనది గుంటూరు వైపు, ఆమెది నెల్లూరు. పెళ్లై ఎనిమిదేళ్లు, ఐదేళ్ల పాప. సర్జాపూర్ రోడ్డులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. కిరణ్ వాళ్లమ్మ ఏడాదిలో సగం వీళ్ల దగ్గరే ఉంటారు.

అపాయింట్‌మెంట్ తీసుకున్నది కిరణ్. ఫోన్‌లో చెప్పిన కారణం ఒక్క ముక్క: "మా ఆవిడకి కౌన్సెలింగ్ కావాలి మేడమ్." వచ్చాక తేలిందేమంటే, ఏడాది కిందట సుజాత ధైర్యం చేసి భర్తకు ఒక కోరిక చెప్పింది. పడకగదిలో తను లోబడి ఉండాలని, ఆయన ఆజ్ఞ ఇస్తే తను పాటించాలని, చేతులు కట్టడం, చేత్తో కొట్టడం వంటివి కూడా తనకు ఇష్టమేనని. కిరణ్ నిర్ఘాంతపోయాడు. రెండుసార్లు ప్రయత్నించాడు, రెండుసార్లూ అంగస్తంభన మధ్యలోనే పోయింది. తర్వాత మామూలుగా దగ్గరవుదామన్నా అదే భయం. నా దగ్గరికి వచ్చేనాటికి ఐదారు నెలలుగా ఇద్దరి మధ్య ఏమీ లేదు.

ఈలోగా సుజాత ఒక్కతే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన పది నిమిషాలు విని, "చిన్నప్పుడు మీకేదో జరిగి ఉంటుంది, గుర్తులేదంతే" అని తేల్చి, ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాసి పంపారు. ఆ మందు దిగులుకి, ఆందోళనకి మంచిదే. కానీ ఆ కోవకు చెందిన మందులు చాలామందిలో కోరికను తగ్గిస్తాయి, భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోరిక తగ్గేసరికి "జబ్బు నయమవుతోంది" అనుకుంది.

జబ్బా, కాదా

ఇద్దరూ మొదట అడిగింది ఇదే. కాబట్టి మొదట చెప్పాల్సిందీ ఇదే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల గ్రంథం డీఎస్ఎం-5, అరుదైన లైంగిక ఆసక్తిని, లైంగిక రుగ్మతను వేరు చేసింది. లోబడటంలోనో, నొప్పిలోనో సుఖం కలగడం ఒక్కటే చాలదు. దాని వల్ల మనిషి బాధపడుతూ ఉండాలి, లేదా బతుకు దెబ్బతింటూ ఉండాలి. అప్పుడే రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. తన రోగాల జాబితా ఐసీడీ-10లో ఉన్న సాడోమసోకిజం (నొప్పి ఇవ్వడంలో, పొందడంలో సుఖపడటం) అనే రోగనిర్ధారణను కొత్త జాబితా ఐసీడీ-11లో తీసేసింది. 2022 జనవరి నుంచి ఇదే అమల్లో ఉంది. అవతలి మనిషి ఒప్పుకోకుండా హింసించి సుఖపడేవాడి రుగ్మత మాత్రం జాబితాలో ఉంది, ఉండాలి కూడా.

అరుదైన కోరికా అంటే, ఊహల వరకు చూస్తే అదీ కాదు. 2015లో అచ్చయిన కెనడా క్యూబెక్ అధ్యయనంలో 1,516 మందిని అడిగితే, స్త్రీలలో దాదాపు 65 శాతం, పురుషులలో 53 శాతం తమను ఎవరో లొంగదీసుకుంటున్నట్టు ఊహించుకున్నామన్నారు. ఊహలన్నీ ఆచరణలోకి రావు, చాలామందికి రావాలని కూడా ఉండదు. ఆచరించేవాళ్ల గురించి 2008లో వచ్చిన ఆస్ట్రేలియా సర్వే పెద్దది, 19 వేల పైచిలుకు మందిని అడిగారు. ఆచరించేవాళ్లు ఇతరుల కంటే ఎక్కువగా లైంగిక బలవంతానికి గురైనవాళ్లేమీ కాదని అందులో తేలింది. ఈ సంగతి చెప్పగానే సుజాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ డాక్టర్ మాట విన్నప్పటి నుంచి తనకు గుర్తులేని ఆ "ఏదో" కోసం మేనమామలను, ట్యూషన్ మాస్టారిని ఒక్కొక్కరినే తలచుకుని అనుమానిస్తూ ఉందట. ఒక్క తేలిక మాట ఒక మనిషి బాల్యం మొత్తాన్ని ఎలా పాడుచేస్తుందో చూడండి.

కారణం వెతకడం నాకూ అలవాటే. ఆఫీసులో పదిహేను మందిని నడిపే మనిషి, ఇంట్లో పాప స్కూలు ఫీజు నుంచి అత్తగారి బీపీ మాత్రల దాకా చూసుకునే మనిషి, కాసేపు ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఉండాలని కోరుకుంటోందని అనుకోవడం సులువు. వినడానికి బాగుంటుంది. అడిగితే సుజాత నవ్వింది. "ఉద్యోగం రాకముందే ఉంది మేడమ్, డిగ్రీ రోజుల నుంచే. అప్పుడు నా నెత్తిన ఏ బరువూ లేదు, సినిమాలు తప్ప." కారణం అక్కడితో వదిలేశాను. చికిత్సకు అది అక్కర్లేదు.

అసలు ప్రశ్న

నన్ను ఆలోచింపజేసింది కారణం కాదు, అంగీకారం. ఇది ఆమె ఇష్టమేనా, లేక ఆడపిల్లగా పెరిగిన అలవాటా?

ఈ అనుమానం ఊరికే రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, కర్ణాటకలో 76.9 శాతం. అత్తమామలను లెక్కచేయకపోవడం, ఇల్లు, పిల్లలను పట్టించుకోకపోవడం వంటివి ఆ కారణాలు. ఇంతమంది దెబ్బ తినడం న్యాయమే అనుకునే చోట ఒక స్త్రీ వచ్చి "నాకు లోబడి ఉండటం ఇష్టం" అంటే, ఆ మాటను ముఖవిలువకు తీసుకుని ఊరుకోవడం తగదు. అలాగని "నీకు తెలియదమ్మా, నీ చేత సమాజం అనిపిస్తోంది" అని కొట్టిపారేయడమూ తగదు. ఆ రెండో పని చేసే తోటి నిపుణులు నాకు బాగా తెలుసు. చదువుకున్న, సంపాదిస్తున్న స్త్రీ తన శరీరం గురించి చెప్పే మాటను నమ్మకపోవడం కూడా ఒక పెత్తనమే.

అందుకని ఇద్దరినీ విడివిడిగా చూశాను. జంటను ఒకే గదిలో కూర్చోబెట్టి "మీ మధ్య బలవంతం ఏమైనా ఉందా" అని అడగడం వల్ల ఏమీ తేలదు. సుజాతను అడిగినవి చాలావరకు పడకగదికి సంబంధం లేని ప్రశ్నలు. జీతం ఏ ఖాతాలో పడుతుంది, ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంది? పుట్టింటికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి? ఆఖరిసారి ఆయన మాట కాదన్నది ఎప్పుడు, ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగింది? ఆయన అడుగుల చప్పుడు వింటే ఒళ్లు బిగుసుకుంటుందా? వచ్చే నెల ఈ కోరిక పోయిందనుకోండి, ఆయన ఏమంటాడు?

ఆమె జవాబులు నిబ్బరంగా వచ్చాయి. జీతం తన ఖాతాలోనే. నెల్లూరు బస్సు టికెట్ బుక్ చేసుకున్నాక చెబుతుంది. ఫ్లాట్ కొనేటప్పుడు కిరణ్ చూపించింది వద్దని, తనకు నచ్చింది పట్టుబట్టి కొనిపించింది. భయం ప్రశ్నకు, "కిరణ్ అంటేనా?" అని నా వైపు వింతగా చూసింది. దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 8 వచ్చింది, అంటే స్వల్పం. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. సిగ్గు మాత్రం నిండా ఉంది.

కోరికకూ అలవాటుకూ తేడా నాకు తెలిసింది ఇంకో జవాబులో. కిరణ్ చేసిన రెండు ప్రయత్నాల్లో ఒకదాంట్లో, పాపం, ఏం ఆజ్ఞ ఇవ్వాలో తోచక "నా చొక్కా ఇస్త్రీ చెయ్" అన్నాడట. "రోజూ చేసేదే కదా మేడమ్, అందులో ఏముంది?" అంది సుజాత విసుగ్గా. ఇంట్లో నోరు మూసుకుని చేసే పనులకూ, తను కోరుకునే లోబడటానికీ మధ్య గీత ఆమె మనసులో అంత స్పష్టంగా ఉంది.

కిరణ్ కథ

కేసు ఆమెదని వచ్చారు గానీ, ముందు పని చేయాల్సింది కిరణ్‌తోనే.

శరీరం సంగతి మొదట చూశాం. పొద్దున్న లేచేసరికి స్తంభన మామూలుగానే ఉంటోంది, ఒంటరిగా ఉన్నప్పుడూ ఇబ్బంది లేదు. రక్తంలో చక్కెర, బీపీ, హార్మోన్ పరీక్షలు రాయించాను, అన్నీ బాగున్నాయి. ఈ వయసు మగవాళ్లలో సమస్య మనసుదే అని పరీక్షలు లేకుండా తేల్చేస్తే, మొదటిసారి బయటపడే షుగర్ వ్యాధిని వదిలేసే ప్రమాదం ఉంది.

రెండోసారి ఒంటరిగా వచ్చినప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్న వాళ్లమ్మను కొట్టేవాడు. తాగి కాదు, మామూలుగానే, కూరలో ఉప్పు ఎక్కువైందని. కిరణ్ పెద్దయ్యాక ఒక ఒట్టు పెట్టుకున్నాడు, ఆడదాని మీద చెయ్యి ఎత్తనని. ఇప్పుడు తను ప్రేమించిన భార్యే చెయ్యి ఎత్తమంటోంది. "చెయ్యి లేపితే అది మా నాన్న చెయ్యిలా కనిపిస్తుంది మేడమ్" అన్నాడు.

ఇలాంటివాడితో "అది వేరు, ఇది వేరు" అని వాదించి లాభం లేదు. నేను ఒకటే అడిగాను: "మీ అమ్మగారు చాలు, ఆపండి అంటే ఆయన ఆపేవారా?" లేదన్నాడు. "సుజాత ఆపమంటే?" వెంటనే ఆపుతానన్నాడు. ఆపడం అనేది తమ చేతిలో, అందునా ఆమె చేతిలో ఉందని అతని ఒంటికి తెలియాలి. మాటల్లో చెబితే తెలియదు. కొన్ని వారాల పాటు ఇంట్లో చేయమన్నది అదే. కామం ఊసు లేకుండా, హాల్లో, బట్టలతోనే, ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది, అతను చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. ఆమె ఆపమన్న క్షణం ఆగాలి. అంతే. అత్తగారు గుంటూరు వెళ్లిన వారం నుంచి మొదలుపెట్టారు.

ఒకటి స్పష్టంగా చెప్పాను. అతనికి ఇది చివరికి నచ్చకపోతే, చేయనవసరం లేదు. భార్య కోరింది కాబట్టి భర్త ఆజ్ఞలు ఇచ్చి తీరాలంటే అదీ బలవంతమే. ఆ మాట విన్నాకే కిరణ్‌కి ఊపిరి ఆడింది. కుతూహలం కూడా అప్పుడే మొదలైంది.

ఒప్పందం

మందు విషయం నా పరిధి కాదు. నాకు తెలిసిన ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే, ఆవిడ పరీక్షించి కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి మాన్పించారు. ఇలాంటి మందులు ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వంటివి రావచ్చు. ఎవరికి వారు మానేయకూడదు.

ఈ తరహా సంబంధాల్లో ఉండేవాళ్లు కొన్ని పద్ధతులు ఏర్పరచుకున్నారు. చికిత్స చేసేవాళ్లకు కూడా అవి పనికొస్తాయి. ముందే కూర్చుని ఏది ఇష్టం, ఏది పరవాలేదు, ఏది ఎప్పటికీ వద్దు అని మాట్లాడుకోవడం, ఆపడానికి ఒక సేఫ్‌వర్డ్ పెట్టుకోవడం, అయిపోయాక ఒకరినొకరు చూసుకునే ఆఫ్టర్‌కేర్. సేఫ్‌వర్డ్ ఎందుకంటే, ఆటలో "వద్దు" అన్న మాట ఆటలో భాగం కావచ్చు. అందుకని ఆ సందర్భంలో ఎవరూ అనని మాట ఒకటి కావాలి. చాలామంది ట్రాఫిక్ లైటు రంగులు వాడతారు. వీళ్లిద్దరూ "సిల్క్ బోర్డ్" అని పెట్టుకున్నారు, ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన బెంగళూరు కూడలి అది. అక్కడికి వస్తే ఏదైనా ఆగిపోవాల్సిందే కదా అన్నాడు కిరణ్. బెంగళూరులో ఇంతకంటే మంచి సేఫ్‌వర్డ్ దొరకదు. మాట్లాడే వీలు లేనప్పుడు చేతిలో తాళాల గుత్తి పట్టుకుని ఉంటుంది, వదిలేస్తే ఆపేయాలి.

జాబితా రాయమంటే కిరణ్ ఎక్సెల్ షీట్ చేసుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ జంటలతో పని చేస్తే ఇలాంటివి తప్పవు. నిజానికి అది బాగా పనికొచ్చింది. ఎదురుగా అడిగితే ఇద్దరూ మొహమాటపడే విషయాలు, ఎవరి గడిలో వాళ్లు నింపేసరికి బయటపడ్డాయి. బూతు మాటలు సుజాతకు అసలు పడవు. కిరణ్ మాత్రం అవి తప్పనిసరి అనుకుంటున్నాడు, వీడియోల్లో చూసి.

వీడియోల నుంచి వచ్చిన ఇంకోటి మెడ పట్టుకోవడం. ఇక్కడ నేను మధ్యేమార్గం ఏమీ చెప్పలేదు, వద్దన్నాను. మెడ మీద ఒత్తిడికి సురక్షితమైన మోతాదు లేదు. మెదడుకు వెళ్లే రక్తనాళాలు నొక్కుకుంటే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. సేఫ్‌వర్డ్ చెప్పే వ్యవధే ఉండదు. పైకి మచ్చ కూడా లేకుండా రక్తనాళం లోపల చీలి, కొన్ని రోజుల తర్వాత పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో ఉన్నాయి. కొట్టడమంటే కండ ఉన్న చోటే. నడుము మీద గానీ, వెన్ను మీద గానీ కొట్టకూడదు, అక్కడ మూత్రపిండాలు ఉంటాయి. కట్టడమంటే కట్టు కింద రెండు వేళ్లు దూరాలి, భుజం కింద చేతిని బిగించి కడితే నరం నొక్కుకుని మణికట్టు వాలిపోతుంది. పక్కన కత్తెర ఉండాలి, కట్టిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇద్దరిలో ఎవరు తాగినా ఆ రోజు ఏమీ లేదు.

ఇదంతా పడమటి నుంచి వచ్చిన పైత్యమని కిరణ్ ఒకసారి అన్నాడు. కామసూత్రంలో దెబ్బల మీద ఒక అధ్యాయమే ఉందని, అందులోనే హద్దు మీరితే ఏమవుతుందో కూడా హెచ్చరించారని చెప్పాను. శాతవాహన రాజు శాతకర్ణి రతిలో కొట్టిన దెబ్బకు రాణి మలయవతి చనిపోయిందని వాత్స్యాయనుడు ఉదహరిస్తాడు. శాతవాహనులంటే మనవాళ్లే కదా అని కిరణ్ కాస్త కంగారుపడ్డాడు. మెడ సంగతి మళ్లీ ఎత్తలేదు.

శనివారం రాత్రి, పాప నాయనమ్మ గదిలో పడుకున్నాక. చప్పుడు బయటికి పోకుండా ఫ్యాన్ ఐదులో. ఫోటోలు, వీడియోలు ఉండవు. ఆదివారం పొద్దున్న దోసెలు కిరణ్ పోయాలి, ఇది సుజాత చేర్పించిన షరతు. ఇలా మొదలైంది. ఇద్దరికీ బాగుంది. కిరణ్ స్తంభన సమస్య కొన్ని వారాల్లో పోయింది. సుజాతకు మొదట్లో ఒకటి రెండుసార్లు ఆదివారం సాయంత్రం కారణం లేకుండా ఏడుపు వచ్చింది. తీవ్రమైన ఉద్వేగం దిగిపోయాక కొందరికి అలా నీరసం, దిగులు కమ్ముకోవడం మామూలే. ఆ రోజు కిరణ్ ఎక్కడికీ వెళ్లకుండా ఉండటంతో తగ్గింది.

చాలా కేసు రిపోర్టులు ఇక్కడితో ముగుస్తాయి.

మంగళవారం

నాలుగైదు నెలల తర్వాత సుజాత ఫోన్ చేసింది, ఒంటరిగా రావాలని.

శనివారానికే ఉన్న ఆట మెల్లగా మిగతా రోజుల్లోకి పాకింది. మొదట ఆమె ఇష్టంతోనే. మధ్యాహ్నం భోంచేసేముందు మెసేజ్ పెట్టి అనుమతి అడగడం, ఏ రంగు కుర్తా వేసుకోవాలో ఆయన చెప్పడం. అవి ఆమెకు సరదాగానే ఉన్నాయి. తర్వాత యూపీఐ పిన్ అడిగాడు. "నీ ఖర్చులు కూడా నా చేతిలో ఉంటే బాగుంటుంది కదా" అన్నాడు. ఆ మూడ్‌లో ఇచ్చేసింది. తర్వాత కంపెనీ ఆమెను మూడు నెలలు జర్మనీకి పంపుతామంది. కిరణ్ అన్న మాట: "నేను వద్దంటున్నాను. నా మాట వినడమే కదా నీకు ఇష్టం."

సుజాత ఇలా చెప్పింది: "అదే మాట శనివారం రాత్రి అంటే నాకు బాగుండేది మేడమ్. మంగళవారం పొద్దున్న నేను కుక్కర్ పెడుతుంటే అన్నాడు. నోట మాట రాలేదు. 'సిల్క్ బోర్డ్' అందామనుకున్నా, కానీ ఇది ఆట కాదు కదా, ఏమని ఆపను?"

ఈ ఫీల్డులో పని చేసేవాళ్లు ఈ చివరి ప్రశ్న మీద ఆగాలి. సేఫ్‌వర్డ్ ఆటను ఆపుతుంది. ఆట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసినప్పుడే ఆపగలదు. హద్దు చెరిగిపోయాక ఆ మాటకు పని లేదు. పైగా ఆమె స్వయంగా ఇచ్చిన అంగీకారమే ఆమె మీదికి తిరిగింది. అత్తింటి పెత్తనమైతే ఎదిరించేది, ఫ్లాట్ విషయంలో ఎదిరించింది కూడా. దీన్ని ఎదిరిస్తే తన కోరికను తానే కాదనుకున్నట్టు అవుతుందేమోనని ఆగిపోయింది.

చట్టం గురించి అడిగింది, తెలిసినంత చెప్పాను. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ ప్రకారం భయంతో గానీ, పొరపాటు అభిప్రాయంతో గానీ ఇచ్చిన అంగీకారం చెల్లదు. అదే సంహిత 63వ సెక్షన్‌లో అత్యాచార నేరం నుంచి భర్తకు మినహాయింపు ఇంకా అలాగే ఉంది. కానీ 2005 గృహహింస చట్టం లైంగిక హింసతో పాటు ఆర్థిక హింసను కూడా గృహహింసగానే లెక్కిస్తుంది. భార్య సంపాదన ఆమె చేతికి అందకుండా చేయడం అందులోకే వస్తుంది. కేసు పెట్టే ఉద్దేశం ఆమెకు లేదు. తన పరిస్థితికి చట్టంలో ఒక పేరు ఉండొచ్చని తెలియడమే ఆమెకు కావాల్సింది.

ఆ వారమే కిరణ్‌ను విడిగా పిలిచాను. ఇక్కడ తేలాల్సింది ఒకటే. ఇతను భార్యను గుప్పిట్లో పెట్టుకోవాలని చూసే మనిషా, లేక దారి తప్పినవాడా? మొదటిదైతే జంట చికిత్స ఆపేయాలి. అలాంటి మనిషికి చికిత్స గదిలో నేర్చుకున్న ప్రతి మాటా ఇంట్లో ఆయుధమవుతుంది.

జర్మనీ ఎందుకు వద్దని అడిగితే చాలాసేపు నసిగాడు. వాళ్ల కంపెనీలో మనుషులను తీసేస్తున్నారు. తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పాపను ఒక్కడే మూడు నెలలు చూసుకోగలడా అని భయం. ఇవి భార్యతో చర్చించాల్సిన విషయాలు. చర్చిస్తే ఓడిపోతానని, జర్మనీకి వెళ్లడమే మంచిదని తనకే అనిపిస్తుందని తెలుసు. ఆజ్ఞ అయితే చర్చ అక్కర్లేదు. చేతికి అందింది కదా అని వాడుకున్నాడు. "నాన్నలాగా చేశానా?" అన్నాడు. నేను ఓదార్చలేదు. కొట్టలేదు గానీ, ఆపమనే వీలు లేకుండా చేశారు అన్నాను.

ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నీ ఆపేయమన్నాను. ఆరు వారాలు ఆజ్ఞలు, మెసేజ్‌లు, శనివారాలు ఏవీ లేవు. దీన్ని శిక్షగా పెట్టలేదు, పరీక్షగానే పెట్టాను. భార్య లోబడటం ఆగిపోతే భర్త ఏం చేస్తాడన్నది నాకు ఏ ప్రశ్నావళి కంటే ఎక్కువ చెబుతుంది. అరుస్తాడా, బెదిరిస్తాడా, డబ్బు ఆపుతాడా, పాపను అడ్డం పెట్టుకుంటాడా? సుజాత వారం వారం విడిగా ఫోన్‌లో చెప్పేది. ఎప్పుడైనా భయమేస్తే ఎవరి ఇంటికి వెళ్లాలో, ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలో కూడా ముందే అనుకున్నాం. ఇంత అవసరమా అంది. అవసరం లేకపోతే సంతోషమే అన్నాను.

కిరణ్ మొదటి వారమంతా ముభావంగా ఉన్నాడు, రెండు రాత్రులు హాల్లో పడుకున్నాడు. రెండో వారంలో పిన్ మార్చుకోమని తానే చెప్పాడు, ఉద్యోగం సంగతీ చెప్పేశాడు. సుజాత జర్మనీకి వెళ్లింది, మూడు నెలలకు బదులు రెండు నెలలు మాట్లాడుకుని. నెల్లూరు నుంచి వాళ్లమ్మ వచ్చి పాపను చూసుకున్నారు. కిరణ్ ఉద్యోగం నిలిచింది.

మళ్లీ మొదలుపెట్టడం

తిరిగి వచ్చాక మళ్లీ కావాలన్నది సుజాతే. ఈసారి ఎక్సెల్ షీట్‌లో కొత్త పేజీ చేరింది, ఆజ్ఞలు చెల్లని చోట్లతో. డబ్బు, ఉద్యోగం, పుట్టిల్లు, పాప, ఆరోగ్యం, స్నేహితులు. ఇంటి పనులు కూడా, ఇస్త్రీ చొక్కా పుణ్యమా అని. మొదలు, ముగింపు తెలియడానికి ఒక గుర్తు పెట్టుకున్నారు. ఆమె ఒక నల్లపూసల చేతి గొలుసు తనే వేసుకుంటుంది, తనే తీస్తుంది. అది చేతికి లేనప్పుడు ఏ మాటైనా భార్యాభర్తల మామూలు మాట, కాదనొచ్చు. కొత్త నియమం ఏదైనా గొలుసు తీసి ఉన్నప్పుడే, పగటి పూటే మాట్లాడుకోవాలి. మూడ్‌లో ఇచ్చిన పిన్ నేర్పిన పాఠం ఇది. నెలకోసారి కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ నడుస్తూ మాట్లాడుకుంటారు. ఇంట్లో అత్తగారు, పాప ఉండగా కుదరదు మరి.

ఇలాంటి కేసు చెప్పినప్పుడు ఒక స్నేహితురాలు, తనూ నిపుణురాలే, సూటిగా అడిగింది: పితృస్వామ్యానికి కొత్త చీర కట్టి మనమే ఇంట్లోకి పంపడం లేదా? చాలా ఇళ్లలో అదే జరుగుతోందని నేనూ ఒప్పుకుంటాను. "తనకి ఇష్టమే మేడమ్" అని భర్త చెబుతుంటే భార్య నేల చూపులు చూసే జంటలు నా దగ్గరికి వచ్చాయి. వాళ్లకు ఒప్పందాలు రాయించలేదు, భార్యను విడిగా కూర్చోబెట్టి సహాయం చేసే చోట్ల నంబర్లు ఇచ్చి పంపాను. సుజాత విషయంలో నేను చూసింది ఆమె ఎంత లోబడుతోందన్నది కాదు. కుక్కర్ దగ్గర నోరు రాని మనిషి ఆ తర్వాత ఫోన్ తీసి నాకు చేసింది, అన్నీ ఆపింది, విమానం ఎక్కింది, తిరిగొచ్చి తన షరతులతో మళ్లీ మొదలుపెట్టింది. ఈ నాలుగూ చేయలేని స్త్రీతో ఈ పనికి నేను ఒప్పుకోను.

ఇప్పటి స్థితి

ఏడాది దాటింది. సుజాత మందు లేకుండానే ఉంది, పీహెచ్‌క్యూ-9 స్కోరు 3. కిరణ్‌కి శారీరక ఇబ్బంది ఏమీ లేదు. శనివారాలు ఇప్పుడు నెలకు రెండే, పాప పెద్దదవుతోంది, ఇద్దరికీ అలసట. అది నాకు ఆందోళన కలిగించే విషయం కాదు.

కలిగించేది ఒకటుంది. ఆమె "సిల్క్ బోర్డ్" అన్నప్పుడు కిరణ్ వెంటనే ఆగుతాడు, కానీ మర్నాడు మధ్యాహ్నం దాకా మొహం ముడుచుకుని ఉంటాడు. దోసెలు పోస్తాడు, మాట్లాడడు. సుజాత ఈ మధ్య ఆ మాట అనాల్సిన చోట ఒకసారి అనకుండా ఊరుకుంది, ఆదివారం పాడవుతుందని. ఆ సంగతి తనే చెప్పింది, కిరణ్ ముందే. ఆ మాట విన్నాక అలా ముభావంగా ఉండటం ఆమె నోరు నొక్కడమే అవుతుందని అతనికి అర్థమైంది గానీ, మానడం ఇంకా చేతకావడం లేదు. ప్రస్తుతం మా సెషన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అది తేలేదాకా గొలుసు తీసి పక్కన పెట్టమన్నాను, ఇద్దరూ సరేనన్నారు.